ఒక కెమెరా, నాలుగు టీవీలు: రెండో టీవీ పెట్టగానే రెండూ ఆగిపోతున్నాయి (రాములోరి కల్యాణానికి, సాయం కావాలి)

కొబ్బరితోట · మంగళవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర చిన్న ఊరు. ఇంకో తొమ్మిది రోజుల్లో శ్రీరామనవమి. మా రామాలయం మండపంలో ఇరుక్కుని కూర్చుంటే అరవై మంది పడతారు. మిగతా జనమంతా రోడ్డు మీద షామియానా కిందే. ముందు వరసల్లో వాళ్ళు లేచి నిలబడిపోతారు, వెనక కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్ళకి మైకులో మంత్రాలు వినపడతాయి తప్ప కల్యాణం కనపడదు. మా నానమ్మ ఏటా ఇంటికొచ్చాక "సీతమ్మకి ఏ రంగు చీర కట్టార్రా ఈసారి" అని నన్నడుగుతుంది. గుడికి వెళ్ళొచ్చిన మనిషి అలా అడుగుతుంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది.

అందుకని ఈ ఏడు కుర్రాళ్ళం నాలుగిళ్ళ నుంచి నాలుగు టీవీలు అడిగి తెచ్చాం. 43 అంగుళాలవి రెండు, 32 అంగుళాలవి రెండు. అందులో ఒక 32 బాగా పాతది. కెమెరా పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే స్నేహితుడిది, హెచ్‌డీఎంఐ అవుట్ ఉంది. కెమెరా నుంచి టీవీలకి దూరం ఇలా ఉందండి: ఒకటి 20 అడుగులు, ఒకటి 40, ఒకటి 80, నాలుగోది బడి ఆవరణలో అన్నదానం షెడ్డు దగ్గర, 200 అడుగులు ఉంటుంది.

కొట్టువాడు ఒక వై కేబుల్ ఇచ్చాడు, ఒక పక్క ఒక హెచ్‌డీఎంఐ పిన్ను, ఇంకో పక్క రెండు సాకెట్లు. ఒక్క టీవీ పెడితే బొమ్మ వస్తోంది. రెండోది గుచ్చగానే రెండూ నల్లబడిపోతున్నాయి. తప్పెక్కడుందో చెప్పండి.

పాత కేబులాయన · మంగళవారం, రాత్రి 10.15

తమ్మీ, గా వై కేబుల్ పక్కన వెట్టు. నీ తప్పేం లేదు, అది ఎక్కడా పని చెయ్యది.

నేను నల్లగొండ దిక్కు 22 ఏండ్లు కేబుల్ నడిపిన. మా దాంట్ల ఒక వైరును రెండు చేసుడు మామూలే. రెండు దారుల స్ప్లిటర్ పెడితే సిగ్నల్ 4 డీబీ (సిగ్నల్ బలం కొలిచే లెక్క) దాకా పోతది, నాలుగు దారులదైతే 7 డీబీ చుట్టు పోతది. పోయినంత ముందుగాల ఆంప్లిఫయర్‌తోని లేపి పంపుతుంటిమి. వీసీఆర్ రోజులల్ల పసుపు పిన్ను వైరును నడిమిట్ల కోసి రెండు టీవీలకు కలిపేటోళ్ళు గూడ ఉండిరి. బొమ్మ మసక అయ్యేది, ఒడ్డున నీడ పడేది, కానీ కనపడేది. హెచ్‌డీఎంఐ గట్ల కాదు. వస్తే మొత్తం వస్తది, లేకుంటే ఏమీ రాదు. ఎందుకట్లనో లోపలి సంగతి తెలిసినోళ్ళు చెప్తరు.

తుంగభద్ర · మంగళవారం, రాత్రి 11.05

నేను బెంగళూరులో డిస్‌ప్లే బోర్డుల డిజైన్ చేస్తాను, ఇది రోజూ చూసే సంగతే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మ ఒక్కటే ప్రయాణించదు. టీవీ కూడా వెనక్కి మాట్లాడుతుంది. గుచ్చగానే కెమెరా "నువ్వు ఎంత సైజు బొమ్మ చూపించగలవు, ఏ రకం సౌండ్ తీసుకోగలవు" అని అడుగుతుంది. టీవీ తన లోపల రాసిపెట్టి ఉన్న చిన్న చీటీ చదివి వినిపిస్తుంది. దాన్ని ఈడీఐడీ అంటారు. అడగడానికీ చెప్పడానికీ వేరే రెండు సన్నటి తీగలు ఉంటాయి. చిక్కేమిటంటే, ప్రపంచంలో ఏ టీవీ తీసుకున్నా ఆ చీటీ ఉండే అడ్రసు ఒక్కటే. వై కేబుల్‌లో రెండు టీవీలు ఒకే తీగకి వేలాడుతుంటే, క్లాసులో ఒకే పేరున్న ఇద్దరు పిల్లలు హాజరుకి ఒకేసారి లేచి పలికినట్టు అవుతుంది. కెమెరాకి ఆ గందరగోళంలో ఏ జవాబూ అర్థం కాదు, బొమ్మ పంపడం మానేస్తుంది.

ఆ గొడవ లేకపోయినా బొమ్మ తీగలు ఒక్క టీవీ భారానికే లెక్కకట్టి చేసినవి. ఫుల్ హెచ్‌డీ బొమ్మ అంటే సెకనుకు దాదాపు 4.5 గిగాబిట్లు పారుతుంటాయి. ఆ వేగంలో తీగను ఊరికే చీలిస్తే అలలు ఎదురుతన్ని అక్షరం అక్షరం చెడిపోతుంది.

మీకు కావాల్సింది సొంత అడాప్టర్‌తో పనిచేసే స్ప్లిటర్ డబ్బా. అది కెమెరా ముందు తనే టీవీలా నిలబడి మాట్లాడుతుంది, వచ్చిన బొమ్మని కొత్తగా తయారుచేసి ఒక్కో టీవీకి విడివిడిగా పంపుతుంది. ఒకటి లోపలికి, నాలుగు బయటికి ఉన్నది అడగండి.

కొబ్బరితోట · బుధవారం, ఉదయం 7.20

అక్కా, హాజరు సంగతి చదివాక మా కుర్రాళ్ళందరికీ ఒక్కసారిగా అర్థమైపోయింది. థాంక్సండి. కొట్టులో నాలుగైదు సాకెట్లున్న డబ్బాలు రెండు రకాలు చూపించాడు, రెండూ ఒకటే అంటున్నాడు. ధరలో మాత్రం తేడా ఉంది.

మైక్‌సెట్ తమ్ముడు · బుధవారం, ఉదయం 8.45

ఒకటే కాదు అన్నయ్యా. ఒకటి స్విచ్. అది సెట్ టాప్ బాక్సు, ప్లేయరు, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే టీవీకి తగిలించి మార్చుకోడానికి. దానిమీద ఇన్ 1, ఇన్ 2 అని ఉంటాయి, మార్చే బటన్ గానీ చిన్న రిమోట్ గానీ ఉంటుంది. నీకు కావాల్సిన డబ్బా మీద ఇన్ అని ఒక్కటే ఉండాలి, అవుట్ అని నాలుగుండాలి. కొట్లోనే రెండు టీవీలకి తగిలించి చూపించమను.

నాది రాజమండ్రిలో సౌండూ లైటింగూ. అసలు దెబ్బ నీకు డబ్బా దగ్గర కాదు, దూరం దగ్గర తగుల్తుంది. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ ఫుల్ హెచ్‌డీకి 40 అడుగుల దాకా మంచిదైతే లాగుతుంది. 20, 40 అడుగుల టీవీలకి నేరుగా కేబులే వేసెయ్. కొసన బొమ్మలో తెల్ల చుక్కలు మెరుస్తుంటే అది కేబుల్ చాలటం లేదని గుర్తు. 80 అడుగులదానికి క్యాట్6 ఎక్స్‌టెండర్ జత తీసుకో. ఒక డబ్బా ఇక్కడ, ఒక డబ్బా అక్కడ, మధ్యన నెట్ కేబుల్. డబ్బా మీద 60 మీటర్లని రాసుంటే నేను 40 దాకానే నమ్ముతాను.

వైరు కొనేప్పుడు మాత్రం జాగ్రత్త. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న సరుకు చౌకగా అమ్ముతున్నారు. బ్లేడుతో తీగ గీకి చూడు, లోపల తెల్లగా మెరిస్తే వదిలెయ్. పోయినేడు ఒక రిసెప్షన్‌లో ఆ వైరుతోనే నా పరువు పోయింది. అరగంటకోసారి బొమ్మ ఆగిపోయేది, పెళ్ళికూతురి తండ్రి నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

వైర్లు నేల మీద వద్దు. షామియానా గెడల వెంట తలకి పైనుంచి లాగి తాడుతో కట్టు.

డాలస్ గాలి · బుధవారం, ఉదయం 9.30

ఇన్ని వైర్లు ఎందుకండీ? ఫోన్‌తో యూట్యూబ్ లైవ్ పెట్టేసి నాలుగు స్మార్ట్ టీవీల్లో అదే లింకు తెరిస్తే సరిపోతుంది కదా. మా అమ్మావాళ్ళ ఊరి కల్యాణం మేం ఇక్కడ అలాగే చూస్తాం.

మైక్‌సెట్ తమ్ముడు · బుధవారం, ఉదయం 9.50

దూరాన ఉన్నవాళ్ళకి అది చాలా మంచిదండి. అక్కడే కూర్చున్నవాళ్ళకి మాత్రం పనికిరాదు. లైవ్‌లో బొమ్మ పది, ఇరవై సెకన్లు వెనకపడి వస్తుంది. మైకులో పంతులుగారు "మాంగల్యం తంతునానేన" అంటుంటే, మేళగాళ్ళు గట్టిమేళం అందుకుంటే, టీవీలో ఇంకా జీలకర్ర బెల్లమే కనపడుతుంది. జనం అక్షింతలు వేసేశాక టీవీలో తాళి కడతారు. పైగా కల్యాణం టైముకి ఊరంతా ఫోన్లు తీస్తారు, నెట్ నిలబడదు. వైరులో ఆ ఆలస్యం ఉండదు.

పాత కేబులాయన · బుధవారం, మధ్యాహ్నం 1.10

200 అడుగుల దాని ముచ్చట ఎవ్వరూ ఎత్తలే. నా మాట వింటే అక్కడికి పాత పద్ధతే మంచిది. ఒక మాడ్యులేటర్ (బొమ్మను టీవీ ఛానల్ లెక్క చేసే డబ్బా), ఒక ఆర్‌జీ6 వైరు, అంటే మామూలు కేబుల్ టీవీ వైరు. స్ప్లిటర్ నాలుగో అవుట్‌కు హెచ్‌డీఎంఐ నుంచి ఏవీ (పాత వీసీఆర్ పిన్నుల పద్ధతి) చేసే చిన్న డబ్బా పెట్టు, దాని పసుపు, తెలుపు పిన్నులు మాడ్యులేటర్‌ల గుచ్చు, అక్కడికెల్లి కేబుల్ వైరు షెడ్డు దాకా గుంజు. టీవీ యాంటెన్నా సాకెట్‌ల పెట్టి ఆటో ట్యూనింగ్ చేస్తే మీ రామాలయం ఒక ఛానల్ లెక్క వస్తది. 200 అడుగులకు ఆర్‌జీ6ల పోయేది 6 డీబీ చుట్టు, మాడ్యులేటర్‌కు అది లెక్కనే కాదు. రేపు షెడ్డుల ఇంకో టీవీ పెట్టాలన్నా అక్కడ్నే మామూలు స్ప్లిటర్ తోని చీల్చుకోవచ్చు.

మైక్‌సెట్ తమ్ముడు · బుధవారం, మధ్యాహ్నం 2.00

కేబులాయన గారూ, గౌరవంతోనే చెప్తున్నా, బొమ్మ నాణ్యత మాటేంటి? ఏవీలోకి దిగ్గానే పాత టీవీ బొమ్మే. 120 మీటర్ల ఎక్స్‌టెండర్ జత తెచ్చుకుంటే షెడ్డులో కూడా ఫుల్ హెచ్‌డీ వస్తుంది.

పాత కేబులాయన · బుధవారం, మధ్యాహ్నం 2.25

వస్తది, కాదంటలే. కానీ అన్నం తినుకుంట చూసే కాడ, అదీ పాత 32 ఇంచుల టీవీల, ఆ తేడా ఎవరికి కనబడతది? ఆర్‌జీ6 వైరు ఊళ్ళె కేబుల్ పిలగాని దగ్గర అడిగితే ఇస్తడు. పిన్ను ఊడితే ఆయనే నిమిషంల కొట్టిస్తడు. క్యాట్6 ఊడితే పండగ పూట ఎవరొస్తరు?

తుంగభద్ర · బుధవారం, సాయంత్రం 6.40

ఈ విషయంలో నేను కేబులాయన గారి పక్షం, దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ పాత టీవీ బహుశా 1366×768 చుక్కలది, ఫుల్ హెచ్‌డీ (1080) కంటే తక్కువ. దాన్ని నేరుగా స్ప్లిటర్‌కి తగిలిస్తే, చాలా స్ప్లిటర్లు అందరిలోకీ తక్కువ చూపగలిగిన టీవీ చీటీనే కెమెరాకి చదివి వినిపిస్తాయి. అప్పుడు నాలుగు టీవీలూ 720కి దిగిపోతాయి. మధ్యలో ఏవీ డబ్బా ఉంటే స్ప్లిటర్‌కి కనపడేది ఆ డబ్బా చీటీ, టీవీది కాదు. అలాంటి డబ్బాలు 1080 తీసుకుంటాయి కాబట్టి మిగతా మూడు టీవీలూ బతికిపోతాయి.

ఏవీ డబ్బా పక్కన పాల్, ఎన్‌టీఎస్‌సీ అని చిన్న మీట ఉంటుంది. అవి పాత టీవీ సిగ్నల్ పద్ధతులు, మన దేశంలోది పాల్. పాల్ వైపు జరపండి. లేకపోతే బొమ్మ నలుపు తెలుపుగా గానీ దొర్లుతూ గానీ వస్తుంది, టీవీ పాడైందనుకుంటారు.

ఇడ్లీ సాంబార్ · బుధవారం, రాత్రి 8.30

మధ్యలో నాదొక ప్రశ్న, ఏమనుకోకండి. ఒంగోలులో టిఫిన్ హోటల్. సెట్ టాప్ బాక్సుకి ఇలాంటి స్ప్లిటరే పెట్టి మూడు టీవీల్లో క్రికెట్ పెడదామనుకుంటే, ఒక టీవీలో బొమ్మ వచ్చి పోతోంది.

తుంగభద్ర · బుధవారం, రాత్రి 9.15

మీదీ వాళ్ళదీ ఒకటి కాదండి. కెమెరా బొమ్మకి తాళం ఉండదు. సెట్ టాప్ బాక్సు బొమ్మకి హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది, ప్రతి టీవీ తన తాళంచెవి చూపించాలి, స్ప్లిటర్ కూడా. కేబుల్ వదులైతే ఆ చూపించడం మాటిమాటికీ తప్పి బొమ్మ వచ్చిపోతుంది. ముందు ఆ టీవీ కేబుల్ మార్చి చూడండి, తర్వాత బాక్సు అవుట్‌పుట్ 1080కి తగ్గించి చూడండి. తాళం తీసేసే డబ్బాలు ఉన్నాయని ఎవరైనా చెప్తే ఆ దారిన వెళ్ళకండి. ఇంకో మాట, హోటల్లో నలుగురికి చూపించడానికి ఇంటి ప్యాకేజీ సరిపోదు. వ్యాపార కనెక్షన్ గురించి మీ ఆపరేటర్‌తో మాట్లాడండి.

కొబ్బరితోట · ఆదివారం, రాత్రి 8.10

అన్నీ తెచ్చేశామండి. ఈరోజు తగిలించి చూశాం. మొదటి మూడు టీవీల్లో బొమ్మ అద్దంలా ఉంది. షెడ్డులో కూడా వచ్చింది, కొంచెం మెత్తగా ఉంది కానీ మొహాలు బాగానే తెలుస్తున్నాయి. కేబులాయన గారికి దండాలు.

మూడు ఇబ్బందులు. కెమెరా బ్యాటరీ బొమ్మ, ఫోకస్ చదరాలు అన్నీ టీవీల్లో కూడా కనపడుతున్నాయి. అరగంటకి కెమెరా తనంతట తనే ఆగిపోయింది. రెండో టీవీలో బొమ్మ నాలుగు పక్కలా కొంచెం కొంచెం కోసుకుపోయి స్వామివారి కిరీటం సగమే కనపడుతోంది.

వీటన్నిటికంటే భయపెట్టింది ఇంకోటి. షెడ్డు టీవీలో కేబుల్ పిన్ను గుచ్చేటప్పుడు చిన్న నిప్పురవ్వ వచ్చింది, చెయ్యి జివ్వుమంది.

మైక్‌సెట్ తమ్ముడు · ఆదివారం, రాత్రి 8.20

ముందు ఆ షెడ్డు టీవీ ప్లగ్గు తీసెయ్ అన్నయ్యా. తీశాకే మిగతాది చదువు.

షెడ్డుకి కరెంటు బడి మీటరు నుంచి తీసుకున్నారు కదూ? గుడిది వేరే మీటరు. రెండు పిన్నుల ప్లగ్గుతో నడిచే టీవీల్లో ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల లోహపు భాగాల మీద కొంచెం కరెంటు ఎప్పుడూ తేలుతూ ఉంటుంది. రెండు చోట్ల ఎర్తింగు వేర్వేరుగా ఉంటే, వైరు రెంటినీ కలపగానే ఆ తేడా అంతా నీ పిన్ను మీదుగా పారుతుంది. స్ప్లిటర్ సాకెట్లు కాలిపోయేది ఇలాగే. ఒక ఫంక్షన్‌లో ఆన్‌లో ఉన్న ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ గుచ్చి నేను ల్యాప్‌టాప్ పోర్టు పోగొట్టుకున్నా.

గుడి బోర్డు నుంచే మూడు కోర్ల వైరు ఒకటి షెడ్డు దాకా లాగు, ఎర్తు తీగతో సహా. 32 అంగుళాల టీవీ లాగేది 50 వాట్ల చుట్టూ, పెద్ద వైరు అక్కర్లేదు. కానీ లాగేది ఊరి ఎలక్ట్రీషియనే అవ్వాలి, ఎర్తు ఉందో లేదో కొలిచి మరీ చెప్పాలి. ఇక నుంచి ఏ పిన్ను గుచ్చినా తీసినా కరెంటు ఆపేశాకే. ముందు పిన్నులన్నీ బిగించు, తర్వాత టీవీలు, తర్వాత స్ప్లిటర్, చివర్న కెమెరా ఆన్ చెయ్.

పాత కేబులాయన · ఆదివారం, రాత్రి 8.45

తమ్ముడు చెప్పింది అక్షరం పొల్లు పోకుండ చెయ్యి. మా లైన్ల పని చేసే పిలగాడు ఒకడు తడి చేతులతోని ఆంప్లిఫయర్ డబ్బా ముట్టి మేడ మీదికెల్లి పడ్డడు, బతికిండు గానీ కాలు విరిగింది. పానకం బిందెలు, నీళ్ళ డ్రమ్ములు షెడ్డుల టీవీకి దూరం పెట్టుండ్రి. పిల్లలకు అందకుండ కట్టుండ్రి.

తుంగభద్ర · ఆదివారం, రాత్రి 9.30

మిగతా మూడూ తేలికే. కెమెరా మెనూలో హెచ్‌డీఎంఐ ఇన్‌ఫో డిస్‌ప్లే అని ఉంటుంది, ఆఫ్ చేయండి. ఆటో పవర్ ఆఫ్ కూడా ఆపేయండి, బ్యాటరీ బదులు అడాప్టర్‌తో నడపండి. కోసుకుపోతున్న టీవీలో పిక్చర్ సైజు దగ్గర స్క్రీన్ ఫిట్ అనో జస్ట్ స్కాన్ అనో ఉంటుంది, అది ఎంచుకుంటే కిరీటం పూర్తిగా కనపడుతుంది. కెమెరాకి ఉన్న సాకెట్ చాలా చిన్నది. కేబుల్ బరువు దానిమీద పడకుండా స్టాండుకి బిగించి కట్టండి.

టీవీల సౌండ్ మాత్రం అన్నీ మ్యూట్ చేసేయండి. ఒక్కో టీవీ ఒక్కో రకంగా కొంచెం ఆలస్యం చేస్తుంది, మైకు సౌండ్‌తో కలిస్తే ప్రతిధ్వని వస్తుంది.

కొబ్బరితోట · శనివారం, రాత్రి 10.05

కల్యాణం గురువారం అయింది, ఇల్లు చక్కబెట్టుకుని ఇవాళ రాస్తున్నానండి.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే బడి ప్లగ్గు బోర్డులో అసలు ఎర్తు తీగే తగిలించి లేదు. గుడి నుంచి లాగిన వైరుతో నిప్పురవ్వ లేదు, జివ్వుమనడం లేదు. పగటి వెలుతుర్లో టీవీలు కనపడవేమో అనుకున్నాం. వెనకవైపు కొబ్బరాకులతో తడికలు కట్టి నీడ చేస్తే బాగా కనపడ్డాయి.

పదకొండున్నరకి అంతా సవ్యంగా ఉంది. సరిగ్గా పన్నెండుకి జీలకర్ర బెల్లం పెట్టే ముందు కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేసరికి అర నిమిషం. స్ప్లిటర్, కెమెరా, మాడ్యులేటర్ మా చెల్లి కంప్యూటర్ యూపీఎస్ మీద ఉన్నాయి కాబట్టి అవి ఆగలేదు. టీవీలు మాత్రం ఆగి వచ్చాయి. వచ్చినవి తిన్నగా బొమ్మ చూపించలేదు, ఒకటి హోమ్ పేజీలో ఆగింది, ఒకటి స్టాండ్‌బైలో ఉండిపోయింది. టీవీకి ఒక కుర్రాణ్ణి రిమోట్ ఇచ్చి నిలబెట్టాం, వాళ్ళు గబగబా హెచ్‌డీఎంఐకి మార్చేశారు. ముందు రోజు సాయంత్రం ఆ పిల్లలకి పదేసి సార్లు మార్పించి నేర్పాం, అదే కాపాడింది. మాంగల్యధారణ నాలుగు టీవీల్లోనూ వచ్చింది. షెడ్డులో వడ్డన చేసేవాళ్ళు గరిటెలు పట్టుకునే నిలబడి దణ్ణం పెట్టుకున్నారు.

మా నానమ్మ మూడో టీవీ ముందు మొదటి కుర్చీలో కూర్చుంది. ఇంటికి రాగానే "ఆకుపచ్చ చీరరా, ఎర్రంచు. కుచ్చిళ్ళు ఎంత పొందిగ్గా పెట్టారో" అంది. ఈసారి నన్నేమీ అడగలేదు.

పాత కేబులాయన · ఆదివారం, ఉదయం 6.30

సల్లగుండు బిడ్డా. ఆర్‌జీ6 వైరు ఎండకు వదిలెయ్యకు, పై తోలు పగిలి వానకాలం నీళ్ళు దిగుతయి. పెద్ద చుట్టలుగ చుట్టు, ముడతలు పెట్టకు. రెండు దిక్కుల పిన్నులకు టేపు చుట్టు.

కొబ్బరితోట · ఆదివారం, ఉదయం 7.15

అలాగే చేశామండి. ప్రతి వైరుకీ రెండు కొసలా చీటీ కట్టి, ఏ టీవీది, ఎన్ని అడుగులు అని రాశాం. స్ప్లిటర్ అడాప్టర్ వేరే వాటిలో కలిసిపోకుండా డబ్బాకే రబ్బరు బ్యాండు వేశాం. అన్నీ గుడి బీరువాలో ఉత్సవ సామాన్ల కింద అరలో ఉన్నాయి. పక్కూరి వాళ్ళు అమ్మవారి జాతరకి అడిగారు, పంపేటప్పుడు ఈ చర్చ కూడా చదవమని పంపిస్తాను.